వృద్ధి, వడ్డీ, ఒక చిన్న సంఘం

వృద్ధి అనే మాట వ్యాకరణం చదువుకొన్నవారికి ప్రీతిపాత్రమైనది. పాణిని తన మొదటి సూత్రాన్ని ఆ మాటతోనే ఆరంభించాడు. మంగళార్థం అలా చేశాడని పతంజలి వ్యాఖ్యానించాడు. లోకవ్యవహారంలో దానికి మరి రెండు అర్థాలున్నాయి. ఇంట బిడ్డ పుడితే పట్టే పురిటిమైలను కొన్ని కుటుంబాలవారు వృద్ధి అంటారు. అప్పు మీద పెరిగే సొమ్మునూ సంస్కృతంలో వృద్ధి అనే అంటారు. అదే ప్రాకృతం మీదుగా వచ్చి మన నోట వడ్డీ అయింది. ఒక క్రైస్తవ సంఘం పెరిగినప్పుడు ఆ పెరుగుదల బిడ్డ పుట్టుక వంటిదా, వడ్డీ వంటిదా అనే ప్రశ్న కొన్ని నెలలుగా నన్ను వదలకుండా ఉన్నది.

కారణం చెబుతాను. పటాన్‌చెరు పారిశ్రామికవాడ అంచున ఉన్న ఒక చిన్న లూథరన్ సంఘానికి చెందినవాణ్ణి నేను. ఆదివారం నాడు పట్టుమని నూరుమందిమి ఉండము. మా యువకులు కొందరు నగరంలో ‘చర్చి గ్రోత్’ శిక్షణకు రెండు రోజులు వెళ్ళివచ్చి, సంఘ కమిటీ ముందు ఒక కాగితం పెట్టారు. బోర్డు మీద లూథరన్ అనే మాట తీసివేసి, నోటికి సులువుగా పలికే ఇంగ్లీషు పేరు పెట్టాలి. ఆరాధన క్రమం పుస్తకం పక్కనబెట్టి, ముప్పావుగంట పాటలు, ఆ పైన ప్రసంగం ఉండాలి. పాటల మాటలు తెర మీద కనబడాలి. కన్ఫర్మేషన్ తరగతి ఆరు నెలల నుండి ఒక్క శనివారానికి తగ్గాలి. ప్రభు భోజనం కొత్తగా వచ్చినవారికి ఎబ్బెట్టుగా ఉంటుంది కనుక పండుగలకు మాత్రం చాలు. తెల్లాపూర్, నల్లగండ్ల వైపు అపార్టుమెంట్లలో ఉండే సాఫ్ట్‌వేర్ కుటుంబాలకు ఇంగ్లీషులో ఒక ఆరాధన, ఫ్యాక్టరీవారికి తెలుగులో మరొక ఆరాధన ఉండాలి. ఇండ్లలో సెల్ గ్రూపులు, వాటికి నాయకులు, ప్రతి నాయకునికి ఏడాదికి ఇన్ని ఆత్మలని లక్ష్యం.

ఈ కుర్రవాళ్ళను నేను తేలికచేసి మాట్లాడను. వారిలో ఇద్దరికి బడిలో ఛందస్సు చెప్పినవాణ్ణి. తమతో పాటు పెరిగిన స్నేహితులు ఒక్కొక్కరే వేరే సంఘాలకు తరలిపోతుంటే చూసి తట్టుకోలేక ఈ పని చేశారు. చర్చి ఏమైపోయినా ఫరవాలేదనుకొనేవాడు కాగితం రాయడు. అందుచేత వారికి సమాధానం కూడా అంత శ్రద్ధగానే చెప్పాలి.

ముందు ఈ నేల సంగతి. మెదక్ సీమ లూథరన్ల సీమ కాదు. ఇక్కడ పనిచేసింది వెస్లియన్ మెథడిస్టులు. ఛార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు కట్టించిన మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ పొందింది. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ఈ ప్రాంతపు మెథడిస్టులు అందులో చేరారు. జహీరాబాదు, బీదరు వైపు అమెరికన్ మెథడిస్టులున్నారు. లూథరన్లు ఇక్కడికి సువార్త చెప్పటానికి రాలేదు, జీతానికి వచ్చారు. 1960ల దశకంలో రామచంద్రాపురంలో బీహెచ్ఈఎల్ వచ్చింది. 1972లో పటాన్‌చెరులో ఇక్రిశాట్ వచ్చింది. ఇందిరాగాంధీ 1980లో మెదక్ నుండి లోక్‌సభకు ఎన్నికైన తరువాత పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారాల్లో ఫ్యాక్టరీలు పుట్టగొడుగుల్లా లేచాయి. 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం వచ్చింది. గుంటూరు, కృష్ణా, గోదావరి జిల్లాల నుండి ఫిట్టర్లు, టర్నర్లు, నర్సులు, టీచర్లు వచ్చి స్థిరపడ్డారు. వారితో పాటు ట్రంకుపెట్టెలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం, లూథర్ చిన్న కేటికిజం వచ్చాయి. మా సంఘానికి మూలధనం అదే. మేము ఈ ప్రాంతంలో అతిథులం, అతిథులుగానే మిగిలిపోయాం. యాభై ఏళ్ళు గడిచినా సంగారెడ్డి మాండలికం మా ప్రసంగాల్లో వినబడదు. పక్క బస్తీలో ఉన్న ఒడిశా, బీహారు కూలీల పేర్లు మాకు తెలియవు. యువకుల కాగితంలో ఈ విమర్శ లేదు. ఉండవలసింది.

ఈ ‘చర్చి గ్రోత్’ అనే విద్య అమెరికా నుండి దిగుమతి అయిందని అందరూ అనుకొంటారు. నిజానికి అది పుట్టింది మన దేశంలో. దాని మూలపురుషుడు డొనాల్డ్ మెక్‌గావ్రన్ 1897లో దమోహ్‌లో, నేటి మధ్యప్రదేశ్‌లో, మిషనరీ కుటుంబంలో జన్మించాడు. మెథడిస్టు మిషనరీ వాస్కమ్ పికెట్ మన దేశంలో జనం గుంపులు గుంపులుగా క్రైస్తవంలోకి వచ్చిన తీరును పరిశోధించి 1933లో ఒక గ్రంథం ప్రచురించాడు. అది చదివి మెక్‌గావ్రన్ కదిలిపోయాడు. కొన్ని మిషన్లు ఏళ్ళ తరబడి బడులు, ఆసుపత్రులు నడిపినా సంఘాలెందుకు పెరగటంలేదు, మరికొన్నిచోట్ల ఊళ్ళకు ఊళ్ళు ఎందుకు వస్తున్నాయి అని ప్రశ్నించాడు. లెక్కలు వేశాడు. 1955లో ‘ది బ్రిడ్జెస్ ఆఫ్ గాడ్’ రాశాడు. 1965లో కాలిఫోర్నియాలోని ఫుల్లర్ సెమినరీలో దానికి ఒక పాఠశాలే ఏర్పడింది. ఆయన సిద్ధాంతంలో కీలకమైనది ఒకటుంది. మనిషి తన కులం, భాష, వర్గం గీత దాటనవసరం లేకుండా క్రైస్తవుడు కాగలిగితే సులువుగా అవుతాడు. కనుక ఒకే తీరువారిని ఒకచోట చేర్చితే సంఘం వేగంగా పెరుగుతుంది. ఆయన పరిశీలించింది మన కులవ్యవస్థను. ఆ పరిశీలన అమెరికా వెళ్ళి, అక్కడి శివారు కాలనీల మధ్యతరగతికి సరిపడేట్టు తయారై, వ్యాపార నిర్వహణ శాస్త్రాన్ని కలుపుకొని, ప్రొజెక్టరుతో సహా మళ్ళీ మన దగ్గరకు వచ్చింది. మన పత్తి మాంచెస్టరు వెళ్ళి గుడ్డగా తిరిగివచ్చిన కథ వంటిదే ఇది.

మెక్‌గావ్రన్ చెప్పిన దానిలో సత్యం లేకపోలేదు. ఫలం లేని సేవను విశ్వాస్యత అనే అందమైన మాటతో కప్పుకోవద్దని ఆయన హెచ్చరించాడు. ఆ మాట మా వంటి సంఘాలకు చెంపపెట్టు. ఇంతకాలం మేము ఇలాగే ఉన్నాము కనుక దేవునికి నమ్మకంగా ఉన్నామనుకోవటం సోమరితనం.

అయితే లూథరన్ సిద్ధాంతం దగ్గర చిక్కు ఎక్కడ వస్తుంది? 1530లో ఐదవ చార్లెస్ చక్రవర్తి ఎదుట చదివిన ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రకటన మా వారికి మూలపత్రం. సంఘమంటే ఏమిటని అందులో ఏడవ అధికరణం చెబుతుంది. సువార్త శుద్ధంగా బోధించబడి, సంస్కారాలు సక్రమంగా ఇవ్వబడే విశ్వాసుల కూటమే సంఘం. అక్కడ సంఖ్య లేదు. ఐదవ అధికరణం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. వాక్యం, సంస్కారాలు సాధనాలు. వాటి ద్వారా పరిశుద్ధాత్మ విశ్వాసాన్ని పుట్టిస్తాడు, అదీ దేవునికి ఇష్టమైన చోట, ఇష్టమైన వేళ. ఈ చివరి మాట చాలా బరువైనది. విశ్వాసం పుట్టించటం సేవకుని చేతిలో లేదు. అతడు విత్తగలడు, నీళ్ళు పోయగలడు. కొరింథు సంఘానికి పౌలు రాసినది కూడా ఇదే. తెలుగు బైబిలు ఆ చోట వాడిన మాట సరిగ్గా ‘వృద్ధి’. అది కలిగించేవాడు దేవుడని చెబుతుంది. ఇక ‘ప్రతి నాయకునికి ఏడాదికి ఇన్ని ఆత్మలు’ అనే లక్ష్యం ఈ సిద్ధాంతంలో ఎక్కడ ఇముడుతుంది? మా ఊరి ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుకు టార్గెట్ పెడితే అర్థం ఉంది. యంత్రం అతని చేతిలో ఉంటుంది.

ఈ తగవు కొత్తది కాదు. చాలామందికి తెలియని ఒక చరిత్ర ఇక్కడ చెప్పాలి. తెలుగునాట లూథరన్ మిషను పుట్టినప్పటి నుండి ఈ తగవు దాని రక్తంలో ఉన్నది.

ఫాదర్ హయ్యర్ 1842 జూలై 31న గుంటూరు చేరారు. ఆ కాలానికి అమెరికాలో ఛార్లెస్ ఫిన్నీ అనే సువార్తికుని ప్రభావం ఉవ్వెత్తున ఉన్నది. ఉజ్జీవం అద్భుతం కాదు, సరైన ఉపాయాలు సరిగా ప్రయోగిస్తే వచ్చి తీరే ఫలితం అని ఆయన వాదన. పశ్చాత్తప్తులను ముందుకు పిలిచి కూర్చోబెట్టే బల్ల, రాత్రుల తరబడి కూటాలు అతని ‘కొత్త పద్ధతులు’. అమెరికా లూథరన్లలో ఒక వర్గం వాటిని ఆదరించింది. ఆ వర్గపు పండితుడు శామ్యూల్ ష్మకర్ 1855లో ఆగ్స్‌బర్గ్ ప్రకటననే సవరించాలని ప్రతిపాదించాడు. బాప్తిస్మంలో తిరిగి జన్మించటం, ప్రభు భోజనంలో క్రీస్తు శరీరం నిజంగా ఉండటం వంటి బోధలు పొరపాటైనవని ఆయన అభిప్రాయం. ఆ వివాదం ముదిరి, జనరల్ సినడ్ చీలి, 1867లో పాత సిద్ధాంతం పట్టుకొన్నవారు జనరల్ కౌన్సిల్‌గా ఏర్పడ్డారు.

దీని ప్రతిధ్వని గోదావరి ఒడ్డున వినబడింది. గుంటూరు మిషను జనరల్ సినడ్ చేతిలో ఉండిపోయింది. రాజమండ్రి మిషనును జర్మన్లు 1845లో ఆరంభించి, కొన్నేళ్ళకు అమెరికన్లకు అప్పగించారు. 1869లో దానిని నడపలేక ఆంగ్లికన్లకు ఇచ్చివేయబోతున్నారని తెలిసి, డెబ్బయి అయిదేళ్ళు దాటిన హయ్యర్ గారు పెన్సిల్వేనియా సభలో లేచి, నేను వెళతాను అన్నారు. వెళ్ళారు, నిలిపారు. అలా రాజమండ్రి జనరల్ కౌన్సిల్ పాలైంది. ఒకే నది మీది రెండు కాలువల్లాగా గుంటూరు, రాజమండ్రి వేరువేరు స్వభావాలతో పారి, అమెరికాలో మాతృసంఘాలు 1918లో ఏకమైన తరువాత, 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా (ఏఈఎల్‌సీ) కలిశాయి. కనుక మాలో ఒకరు కొత్త పద్ధతులంటే ఉత్సాహపడటం, మరొకరు ముఖం చిట్లించటం రెండూ లూథరన్ లక్షణాలే. అయితే ఉజ్జీవపు వేడి నచ్చినంత మాత్రాన మా పూర్వులు గుంటూరులో కేటికిజం తరగతిని ఒక్క శనివారానికి కుదించలేదు. ఊరూరా ఉపదేశులను పెట్టి, రాత్రిబడుల్లో కిరోసిను దీపం కింద, అక్షరం రానివారికి కూడా నోటిపాఠంగా నేర్పించారు.

కేటికిజం అంటే మా యువకులకు కంఠస్థం చేయవలసిన పాత పుస్తకం. అది ఎలా పుట్టిందో వారికి చెప్పినవారు లేరు. 1528లో లూథర్ శాక్సనీ పల్లెటూళ్ళు తిరిగాడు. సంఘాల స్థితి తెలుసుకోవటానికి రాజాజ్ఞతో జరిగిన తనిఖీ అది. చూసినదానికి ఆయన గుండె చెరువైంది. జనానికి పది ఆజ్ఞలు రావు, పరలోక ప్రార్థన రాదు. బాప్తిస్మం పొందారు, రొట్టె తీసుకొంటున్నారు, అంతే. బోధకులలోనూ చెప్పగలిగినవారు తక్కువ. తిరిగివచ్చి 1529లో చిన్న కేటికిజం రాశాడు. ఇంటి యజమాని తన ఇంటివారికి నేర్పేందుకు వీలుగా, ప్రశ్నకు జవాబుగా. గమనించండి, లూథర్ కూడా సర్వే చేశాడు! లెక్క చూడటం లూథరన్ తత్త్వానికి విరుద్ధం కాదు. ఎందరు వచ్చారని ఆయన లెక్కించలేదు, వచ్చినవారికి ఏమి తెలుసునని లెక్కించాడు. ఆ సర్వే ఈనాడు పటాన్‌చెరు చుట్టూ ఉన్న సంఘాల్లో, పెద్దవాటిలో, చిన్నవాటిలో, మాతో సహా, ఎవరైనా చేస్తే బాగుండును. బడిపంతులుగా నాకు తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. హాజరుపట్టీ నిండుగా ఉన్న తరగతిలో అక్షరం ముక్క రాని పిల్లలుండటం నేను చాలాసార్లు చూశాను.

సంఖ్య మీద నమ్మకం పెట్టుకొన్న మహాసంఘాలే ఈ సంగతి ఒప్పుకొన్న సందర్భం ఉంది. షికాగో దగ్గరి విల్లో క్రీక్ సంఘం 1975లో మొదలై ప్రపంచమంతటికీ నమూనా అయింది. 2007లో తమ సొంత పరిశీలన ఫలితాలు వారే వెల్లడించారు. కార్యక్రమాలకు ఎక్కువగా హాజరయ్యేవారు భక్తిలో ఎదుగుతారన్న తమ అంచనా నిలవలేదని చెప్పారు. ధైర్యం గలవారు. ఆ నమూనాను మనకు నేర్పేవారు ఈ సంగతి చెప్పటం నేను వినలేదు.

ఇప్పుడు నాకు అన్నిటికంటె కష్టమనిపించిన అంశానికి వస్తాను. అది ఇంగ్లీషువారికి ఒకటి, ఫ్యాక్టరీవారికి ఒకటి అనే రెండు ఆరాధనల ప్రతిపాదన. భాష కోసమేనని వారంటారు. భాష కోసమే అయితే నాకు అభ్యంతరమేముంది? పక్క బస్తీ కూలీల కోసం ఒడియాలోనో హిందీలోనో ఒక ప్రార్థన పెట్టండి, ముందుగా చందా నేనిస్తాను. కాని ఆ అపార్టుమెంటు పిల్లలకు తెలుగు వచ్చు. వారి తల్లిదండ్రులు పుట్టింది తెనాలిలో, రేపల్లెలో, నరసరావుపేటలో. వారికి రానిది తెలుగు కాదు. షిఫ్టు దిగి నూనెమరకల చొక్కాతో వచ్చి పక్కన కూర్చునేవానితో కూర్చోవటం అలవాటు లేదు. శిక్షణలో దీనికి పెట్టిన పేరు ‘టార్గెట్ గ్రూప్’. మా తాతలకాలంలో దీనికి వేరే పేరుండేది.

మన ఊళ్ళ సంఘాల చరిత్రలో గర్వించదగినవి ఉన్నాయి, తలవంచుకొనవలసినవీ ఉన్నాయి. మాలపల్లెకు ఒక చర్చి, మాదిగపల్లెకు ఒక చర్చి కట్టుకొన్నాము. కులం వదలి వచ్చామన్నవారు పెళ్ళి సంబంధాల దగ్గర మళ్ళీ వెనక్కు తిరిగాము. ఎన్నికలప్పుడు ఇంకా వెనక్కు. అయినా ప్రభు భోజనపు బల్ల దగ్గర ఒకే గిన్నె. ఎవరి పక్కన ఎవరు మోకరించారో చూడకుండా ఒకే రొట్టె విరిచి ఇచ్చిన అయ్యగార్లున్నారు. ఊరిబావిలో చేద వేయనివ్వని కాలంలో ఆ ఒక్క గిన్నె ఎంత పెద్ద మాటో ఆలోచించండి. మెక్‌గావ్రన్ సూత్రం లోకం ఎలా ఉన్నదో చెబుతుంది. అది సరైన వర్ణనే. సంఘం కూడా అలాగే ఉండమని సలహా ఇస్తే మాత్రం నేను ఒప్పుకోను. గీత దాటకుండా క్రైస్తవుడైనవాడు చివరకు దేనిని దాటి ఎక్కడికి వచ్చినట్టు? బల్లను రెండు చేసి, ఆపై బల్లనే పండుగలకు పరిమితం చేస్తే, మాకు మిగిలేది పాటలు, ప్రసంగం. అవి పక్కనే మాకంటె బాగా దొరుకుతాయి. మియాపూర్‌లో కల్వరి టెంపుల్ ఉన్నది. 2005లో మొదలై ఈనాడు దేశంలోనే పెద్ద సంఘాల్లో ఒకటిగా చెప్పుకొంటున్నారు. వారి వాద్యబృందంతో మా కుర్రవాళ్ళు పోటీపడగలరా? వారిని అనుకరించి సగం బాగా చేసే బదులు, వారి దగ్గరకే వెళ్ళటం న్యాయం కదా!

సంఖ్య గురించి మాట్లాడేటప్పుడు మన నేల మీద జరిగిన ఒక సంగతి మరువరాదు. లూథరన్లది కాదు, ఒంగోలు బాప్టిస్టులది. 1876-78 నాటి ధాత కరవులో జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత కాంట్రాక్టు తీసుకొని వేలాదిమందికి కూలి ఇప్పించారు. జనం బాప్తిస్మం ఇమ్మని వచ్చారు. ఆయన ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో, ప్రభువు కోసం వచ్చారో తెలియదని కరవు సహాయం ముగిసేవరకు ఏడాదికి పైగా ఆపారు. ఆ తరువాత 1878 జూలై 3న ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆ అంకెను నేటి సువార్తికులు తరచు చెబుతారు. దాని వెనుక ఉన్న నెలల తరబడి నిరాకరణను ఎందరు చెబుతారు? అంకె పెరగటానికి అనువైన సమయంలో వద్దనగలిగిన మనిషి ఆయన.

మరొక విషయం. 2025 జూన్ 30న మా పక్కనే పాశమైలారంలో సిగాచీ పరిశ్రమలో పేలుడు జరిగింది. 40 మందికి పైగా కార్మికులు మరణించారు. చాలామంది పొట్టచేతబట్టుకొని ఇతర రాష్ట్రాల నుండి వచ్చినవారు. కొందరి ఆనవాళ్ళయినా ఇంటివారికి దక్కలేదు. ఆ వారమంతా ఇస్నాపూర్ నుండి పటాన్‌చెరు దాకా ఎవరి ముఖంలోనూ రక్తం లేదు. జూలై 6 ఆదివారం మా ఆరాధన క్రమంలో, ప్రతివారం ఉండే చోటనే, కనికరించుమనే ప్రార్థన వచ్చింది. ఎవరూ కొత్తగా కల్పించలేదు. ఆ రోజు అది చదువుతుంటే అయ్యగారి గొంతు పెగలలేదు. అదే ఆదివారం వేరొక పెద్ద కూటానికి వెళ్ళిన మా బంధువుల అమ్మాయి వచ్చి చెప్పింది. అక్కడ ఒకరు కారు కొన్నందుకు, ఒకరికి వీసా వచ్చినందుకు సాక్ష్యాలు చెప్పారట. ఆ దుర్ఘటన ప్రస్తావన రాలేదట. వారు హృదయం లేనివారని నేను అనను. ఆ కార్యక్రమంలో దుఃఖానికి చోటు లేదు, అంతే. వచ్చినవారు సంతోషంగా వెళ్ళాలి, మళ్ళీ వారం స్నేహితుణ్ణి తీసుకురావాలి. 1518లో హైడల్‌బర్గ్ వాదసభలో లూథర్ మహిమ వేదాంతానికి, సిలువ వేదాంతానికి భేదం చూపాడు. దేవుడు విజయంలో, వైభవంలో కనబడతాడని మొదటిది నమ్ముతుంది. రెండవది ఆయనను సిలువ మీద, దాగిన చోట వెతుకుతుంది. నక్కవాగు పక్కన కాలుష్యపు గాలి పీల్చి బతికేవారికి ఏ వేదాంతం కావాలో నేను చెప్పనక్కరలేదు.

‘విత్తన కానుక’ పేరుతో ఇంత ఇస్తే అంతకు నూరంతలు వస్తుందనే బోధ గురించి వేరుగా రాయాలి. 1517లో లూథర్ 95 వాదాంశాలు రాసింది పాపపరిహార పత్రాల అమ్మకం మీద. ఆనాడు టెట్సెల్ అమ్మింది చనిపోయినవారి విముక్తి. ఈనాడు అమ్ముతున్నది బతికున్నవారి ప్రమోషన్. వడ్డీ అనే అర్థం ఇక్కడ బాహాటంగానే ఉన్నది.

ఇంత చెప్పినవాణ్ణి మావారి సంగతి చెప్పకపోతే పక్షపాతం అవుతుంది. చరిత్ర గల సంఘాలు ఆస్తుల తగాదాలతో, పదవుల కోసం కోర్టు వ్యాజ్యాలతో కాలం గడపటం జనం చూస్తూనే ఉన్నారు. అయ్యగారు ఇంటికి వచ్చి ప్రార్థన చేసి ఎన్నేళ్ళయిందో చెప్పలేని కుటుంబాలున్నాయి. స్వతంత్ర సంఘపు బ్రదర్ గారు రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రికి వస్తాడు. ఆయనకు ఆగ్స్‌బర్గ్ పేరు తెలియకపోవచ్చు. రోగి మంచం పక్కన ఎవరు నిలబడ్డారన్నది సిద్ధాంతంలో భాగమేనని లూథర్ చెప్పివుండేవాడు.

ఉత్సాహవంతులను ఏమి చేయాలో తెలియక పోగొట్టుకోవటం మాకు పాత అలవాటు. ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్ సంఘంలో సేవ చేసినవారు. దర్శనాలు, స్వస్థతలు, దీర్ఘ ప్రార్థనలు ఆయన మార్గం. 1938లో బయటకు వెళ్ళి బైబిల్ మిషన్ స్థాపించారు. ఆ సంఘం నేడు తెలుగు జిల్లాల్లో విస్తరించి ఉన్నది. ఆయన బోధలో లూథరన్ దృష్టికి అంగీకరించరానివి లేకపోలేదు. కాని ఆయన కీర్తనలను నేటికీ మేము పాడుకొంటున్నాము. మనిషిని వదులుకొని పాట ఉంచుకొన్నాము.

ఇథియోపియాలో ఇలా జరగలేదు. 1959లో ఏర్పడిన మెకానె యేసుస్ లూథరన్ సంఘంలో 1970ల దశకంలో యువకుల మధ్య ఇలాంటి ఉజ్జీవమే లేచింది. పెద్దలు వారిని వెళ్ళగొట్టక, కూర్చోబెట్టి మాట్లాడి, లోపలే ఉంచుకొన్నారు. సైనిక ప్రభుత్వం ఆ సంఘ ప్రధాన కార్యదర్శి గుడినా టుంసాను 1979లో చంపించింది, చర్చీలు మూసివేసింది. ఈనాడు ఆ సంఘస్థుల సంఖ్య కోటికి పైమాటే. లూథరన్ సంఘం పెరగదని ఎవరన్నారు? అక్కడ పెరుగుదలకు ప్రణాళిక ఏదైనా ఉంటే అందులో హింస ఒక అంశమని ఏ శిక్షకుడూ రాసి ఉండడు.

కనుక కాగితంలోని అంశాలన్నిటికీ నా జవాబు ఒకటి కాదు. మానవులు ఏర్పరచిన ఆచారాలు అంతటా ఒకేలా ఉండనవసరం లేదని ఆ ఏడవ అధికరణమే చెబుతుంది. కీబోర్డు పెట్టుకోండి. తెర పెట్టుకోండి, కళ్ళజోడు మరచిపోయే నావంటివారికి మేలే. కొత్త పాటలు పాడండి. ఇక్కడ తెలుగు పండితునిగా ఒక్క మనవి: ఇంగ్లీషు పాటకు మాట మాట పేర్చిన తెలుగు పాట వద్దు. పురుషోత్తమ చౌధరి గారు రాగతాళాలు ఎరిగి రాశారు. పిల్లలకు ఆ భాష కష్టమైతే సులభమైన తెలుగులో రాసేవారిని మనమే తయారుచేద్దాం. సంగారెడ్డి పలుకుబడిలో కీర్తన వస్తే నేను మొదట నిలబడి పాడతాను. సెల్ గ్రూపులను గృహకూటమి అని పిలిస్తే లూథర్ ఇంటి యజమానికి అప్పగించిన పనే అది. అందులో పాటతో పాటు కేటికిజం ప్రశ్న ఒకటి చదవండి. లక్ష్యాల పట్టిక మాత్రం తీసివేయండి. బోర్డు మీద పేరు గురించి నాకు పెద్ద పట్టుదల లేదు, లోపల బోధ ఉన్నంతవరకు. కాని పేరు తీసేవారు ముందు బోధ నేర్చుకొని తీయాలి.

కన్ఫర్మేషన్ తరగతి మాత్రం తగ్గటానికి వీల్లేదు. మా వద్ద ఈ ఏడు తొమ్మిదిమంది పిల్లలున్నారు. ముగ్గురి తండ్రులు రాత్రి షిఫ్టు చేసేవారు. ఆదివారం ఉదయం తొమ్మిదికి వారు నిద్రలో ఉంటారు. సాయంత్రం ఆరున్నరకు ఆరాధన మార్చుదామంటే ఇన్నాళ్ళూ ఒప్పుకోనిది మా పెద్దలే, యువకులు కాదు. వచ్చే కమిటీలో ఆ సమయం సంగతి మొదటి అంశంగా పెట్టమని కార్యదర్శికి రాసి ఇచ్చాను. తరగతి నేను చెబుతానని కూడా రాశాను. శనివారాలు, సాయంత్రం ఐదింటికి, మా ఇంటి వరండాలో. ఒడియా తెలిసిన ఉపదేశి ఎవరైనా చదువరుల ఎరుకలో ఉంటే దయచేసి తెలియజేయగలరు.